స్కోపు కొనబోయే మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కొందామని నువ్వు పంపిన మూడు స్కోపుల, అంటే రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణీల, ఫొటోలు చూశాను. మూడు పెట్టెల మీదా పెద్ద అక్షరాల్లో ఉన్నది పవరే, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నదే, నువ్వు వరస పెట్టిందీ దాన్ని బట్టే: 24, 30, 32. ఆ వరస పక్కన పెట్టు. రైఫిల్ మీద స్కోపు కొలిచే పనిముట్టు. టరెట్, అంటే గురి జరిపే పిడి, తిప్పినంతా లోపలి గురి గీత కదలాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. డబ్బు దానికి పెట్టాలి. పవర్ ఆఖరున చూసుకోవచ్చు.

అసలు నీకు స్కోపు కావాలా అన్నది ముందు తేల్చుకో. అంతర్జాతీయ నిబంధనల కదలని టార్గెట్ పోటీల్లో, అంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్లు, 300 మీటర్లు, వీటిలో దేంట్లోనూ తుపాకి మీద స్కోపు ఒప్పుకోరు. చిన్న కన్నమున్న సైటుతోనే కొట్టాలి. 50, 300 మీటర్లలో దెబ్బ ఎక్కడ పడిందో చూసుకోడానికి పక్కన స్టాండు మీద స్పాటింగ్ స్కోపు అనే విడి దుర్బిణీ పెట్టుకోనిస్తారు, అది రైఫిల్‌కి తగిలించకూడదు. ఆ దారిలో వెళ్ళేవాడివైతే ఈ డబ్బు అక్కడ పెట్టు. క్లబ్బులో లైసెన్సు ఉన్న .22 బోల్టు రైఫిల్‌తో 50, 100 మీటర్ల కాగితం మీద గుళ్ళన్నీ దగ్గరదగ్గరగా చిన్న గుంపు కొట్టాలన్నదే కోరికైతే మిగతాది చదువు. అడవి వైపు ఆలోచన ఏమాత్రం ఉన్నా ఉత్తరం ఇక్కడే మడిచెయ్యి. 1972 వన్యప్రాణి చట్టం అలా ఉంచు, మన గంజాం జిల్లా బేట్నొయి రైతులు పంట మేస్తున్న కృష్ణజింకల్ని కూడా కాపాడుకుంటున్నారు.

పెట్టె మీద 6–24×50 అని ఉంటే, పవర్ 6 నుంచి 24 దాకా మారుతుంది, ముందు లెన్సు వెడల్పు 50 మిల్లీమీటర్లు. లెన్సు వెడల్పుని పవర్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు చుక్క ఎంతో తెలుస్తుంది. 10 దగ్గర 5 మిల్లీమీటర్లు, 24 దగ్గర 2 మాత్రమే. పట్టపగలు కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి 2 సరిపోయినట్టే ఉంటుంది. కానీ తల పిసరంత జరిగినా చుట్టూ నల్లటి నీడ కమ్ముతుంది, సాయంత్రమైతే బొమ్మ మసకబారుతుంది. పైగా మన ఎండల సంగతి నీకు తెలియంది కాదు. మే నెల పదకొండు గంటలకి నేల మీంచి లేచే వేడిగాలికి 20 పవర్లో టార్గెట్ పులుసులా ఉడుకుతుంది. అప్పుడు 10కో 12కో దించుకుని కొట్టాలి. నీ పనికి 4–16 బాగా సరిపోతుంది. కాగితం మీద చిల్లులు కొట్టే చోటి నుంచే చూసుకోవాలనుంటే 6–24 తీసుకో. తక్కువ ధరలో 5–40 లాంటివి కనబడితే జోలికి పోకు. అంత సాగే జూమ్‌ని ఆ ధరకి చెయ్యాలంటే అద్దంలో తగ్గించాలి, లేకపోతే మరల్లో తగ్గించాలి.

ఇప్పుడు పారలాక్స్. కుర్రాళ్ళు పట్టించుకోనిదీ, .22 వాళ్ళని ఎక్కువ ఏడిపించేదీ ఇదే. స్కోపులో బొమ్మా గీతలూ ఒకే తలం మీద పడకపోతే, కన్ను కాస్త పక్కకి జరిగినా గీత టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. పెద్ద రైఫిళ్ళ కోసం చేసిన మామూలు స్కోపుల్లో దీన్ని చాలావరకు 100 గజాలకి బిగించేస్తారు, అంటే 91 మీటర్లు. దానితో 50 మీటర్లకి కొట్టావనుకో. 40 మిల్లీమీటర్ల లెన్సులో సగం 20. దాన్ని 91కీ 50కీ తేడా 41తో గుణించి 91తో భాగిస్తే 9 మిల్లీమీటర్లు. కన్ను అంచుకి పోతే గురి అంతదాకా తప్పొచ్చు. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు మొత్తం 10.4 మిల్లీమీటర్లు. అంటే బారెల్, గుళ్ళు, శ్వాస అన్నీ కుదిరినా దవడ ఆనించడంలో తేడాతో పది పోతుంది, మనమేమో గుళ్ళ పెట్టెని తిడతాం. అందుకని పక్కన పారలాక్స్ చక్రం ఉన్నదే కొను, అది 25 మీటర్లకైనా దిగాలి. చక్రం మీద రాసిన అంకెల్ని నమ్మకు. రైఫిల్‌ని ఇసక సంచుల మీద ఆన్చి, ముట్టుకోకుండా తల మాత్రం పైకీ కిందికీ ఊపి చూడు. గీత టార్గెట్‌కి అతుక్కుని నిలబడేదాకా చక్రం తిప్పి, అక్కడ పెయింటుతో నీ గుర్తు పెట్టుకో.

దానికంటే ముందు వెనక లెన్సు సరిచేసుకోవాలి. తెల్లటి ఆకాశం వైపు, సూర్యుడికి దూరంగా, రెండు సెకన్లు చూడు, కన్ను తీసెయ్యి, తిప్పు, మళ్ళీ చూడు. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని నిన్ను మోసం చేస్తుంది. ఇది తప్పితే పారలాక్స్ ఎప్పటికీ కుదరదు.

క్లిక్కుల లెక్క. ఒక మిల్లు అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. 0.1 మిల్లు క్లిక్కు 50 దగ్గర 5 మిల్లీమీటర్లు కదులుతుంది. ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం; పావు ఎం.ఓ.ఏ. క్లిక్కు అదే దూరంలో 3.6, అరపావుది 1.8. ఒకే దూరంలో కాగితమే కొడతానంటే సన్న క్లిక్కు మేలు. దూరాలు మారుస్తానంటే మిల్లు సుఖం, లెక్క నోటితో అయిపోతుంది. ఏది తీసుకున్నా గీతలూ టరెట్లూ ఒకే కొలతలో ఉండాలి. గీతలు మిల్లుల్లో, టరెట్లు ఎం.ఓ.ఏ.లో ఉండే కలగాపులగం సరుకు ఇంకా అమ్ముతున్నారు. దాంతో ప్రతిసారీ 3.44తో గుణించుకుంటూ కూర్చోవాలి.

మొదటి ఫోకల్ ప్లేన్, రెండో ఫోకల్ ప్లేన్ (గురి గీతలు స్కోపు లోపల ఏ చోట ఉన్నాయన్న తేడా) గొడవ మీద నువ్వు మూడు పేజీలు రాశావు, నేను మూడు మాటల్లో చెబుతాను. మొదటిదాంట్లో పవర్‌తో పాటు గీతలూ పెరుగుతాయి, కొలత ఎక్కడైనా సరే. రెండోదాంట్లో గీతలు సన్నగా అలాగే ఉంటాయి, కానీ కొలత ఒక్క పవర్ దగ్గరే నిజం. సగానికి దించితే ఒక మిల్లు గీత రెండు మిల్లులవుతుంది. టరెట్ తిప్పి కొట్టేవాడికి రెండోది చాలు, చవక కూడా.

.22 మామూలు వేగం గుండుని 50 మీటర్లకి జీరో చేస్తే, అంటే గురీ దెబ్బా ఆ దూరంలో ఒకటయ్యేలా సరిచేస్తే, 100 దగ్గర సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్లు పడిపోతుంది, అంటే రెండు మిల్లుల పైచిలుకు. ఏ స్కోపైనా అంత తిప్పగలదు. 34 మిల్లీమీటర్ల లావు ట్యూబు, 20 ఎం.ఓ.ఏ. వాలు రైలు (స్కోపు బిగించే ఏటవాలు పట్టా) నీకు అనవసరం. 30 ట్యూబు చాలు.

కొన్నాక, గుండు పేల్చకుండానే ఒక పరీక్ష ఉంది. రైఫిల్‌ని కదలకుండా వైసులో బిగించు. టేపుతో కొలిచి సరిగ్గా 50 మీటర్ల దూరంలో గోడకి పొడుగు స్కేలు నిలువుగా కట్టు, పక్కన మేస్త్రి తూకం గుండు వేలాడదియ్యి. పైకి 10 మిల్లులు తిప్పితే గీత సరిగ్గా 50 సెంటీమీటర్లు నడవాలి. 49 నడిస్తే నూటికి రెండు తప్పు. ఎప్పుడూ అంతే తప్పుతుంటే లెక్కలో కలుపుకోవచ్చు. వెనక్కి తిప్పినప్పుడు మొదటి చోటికి రాకపోతే మాత్రం రసీదుతో సహా తిరిగి ఇచ్చెయ్యి. అందుకే రసీదూ వాపసు గడువూ అడక్కుండా కొనకు. ఆన్‌లైన్‌లో పెద్ద పేర్ల నకిలీలు బోలెడు.

స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులకి స్కోపు ధరలో ఐదోవంతు కేటాయించు. నీ రైఫిల్ మీద గాడి 11 మిల్లీమీటర్లదా, అడ్డ గాట్లున్న వెడల్పు పికాటినీ రైలా అన్నది ముందు కొలుచుకో. తప్పు రింగులు తెచ్చుకున్నాక మీ రాయగడలో మార్చుకోడానికి దుకాణం ఎక్కడుంది? పవర్‌ని పైకి తిప్పి, నువ్వు కొట్టే భంగిమలో పడుకుని, కళ్ళు మూసి తెరిచినప్పుడు నిండు వలయం కనిపించే చోట స్కోపుని ఆపు. కంటికీ లెన్సుకీ మధ్య సుమారు 9 సెంటీమీటర్లుంటుంది. నిలువు గీతని తూకం గుండు దారానికి కలిపి, పై మరలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. తయారీదారు వేరే చెప్పకపోతే 15 నుంచి 18 అంగుళ-పౌన్ల బిగింపు చాలు. చేతి అంచనాతో అలెన్ కీని మూలిగేదాకా తిప్పితే ట్యూబు నొక్కుకుని లోపల మరలు పట్టేస్తాయి. స్కోపు జీరో నిలవడంలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మరల దగ్గరే తేలుతాయి.

మీ తమ్ముడి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి ఇదే స్కోపు మార్చి మార్చి వాడదామని రాశావు. వద్దు. స్ప్రింగ్ తుపాకి వెనక్కి తన్ని వెంటనే ముందుకీ తంతుంది. ఆ ఎదురు తన్నుకి తట్టుకునేలా చెయ్యని స్కోపులో గీతలూ లెన్సులూ వదులైపోతాయి. దానికి ఎయిర్‌గన్ కోసమని రాసి ఉన్నదే కొను.

నువ్వు గోపాల్‌పూర్ సముద్రం వైపు వచ్చినప్పుడల్లా దీన్ని తెస్తావు కాబట్టి ఇంకొకటి. ఉప్పుగాలి తగిలాక లెన్సుని తువ్వాలుతో తుడవకు. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరవాత మెత్తటి బ్రష్షు, ఆఖరున లెన్సు గుడ్డ. తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచితే వానాకాలం అయ్యేసరికి బూజు సాలెగూడులా లెన్సు మీద పాకుతుంది, అది అద్దం పూతనే తినేస్తుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద సన్నని సెగన వేడిచేసి మళ్ళీ వాడుకో. ఆ పెనం దోసెల పెనం కాకుండా చూసుకో.

కొనేముందు మూడింటి పారలాక్స్ దూరాలూ, క్లిక్కు విలువలూ రాసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య