ముందు నిర్ణయం ఎక్కడ జరుగుతుందో కనిపెట్టండి

మీరు అడిగింది: వేర్వేరు దేశాల వాళ్లతో పనిచేసేటప్పుడు సంస్కృతి తేడాలు మేనేజ్‌మెంట్ మీద నిజంగా ప్రభావం చూపిస్తాయా, లేక అది ఎంబీఏ పాఠాల వరకేనా అని.

చూపిస్తాయి, గట్టిగానే. పలకరింపులు, విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వడం లాంటివి ఎవరికైనా త్వరగానే అలవాటవుతాయి. అసలు చిక్కంతా నిర్ణయం ఎక్కడ జరుగుతుంది, కాదనే మనిషి ఆ మాట ఎక్కడ చెబుతాడు అన్న దగ్గరే. జపాన్ కొనుగోలుదారుకీ నెదర్లాండ్స్ (డచ్) డిజైన్ టీమ్‌కీ మధ్య సమన్వయం నా పని కాబట్టి ఇది రోజూ చూస్తున్నాను.

ఒక వీడియో కాల్‌లో డచ్ డైరెక్టర్ అనుకున్న తేదీకన్నా ముందే సరఫరా చేద్దామన్నాడు. ఆయన మాట పూర్తికాకముందే వాళ్ల టీమ్‌లో అందరికన్నా జూనియర్ ఇంజనీర్ "అప్పటికి టెస్టింగ్ అవదు" అనేసింది. డైరెక్టర్ ఏమాత్రం నొచ్చుకోలేదు, ఇంకెంత సమయం కావాలో అడిగి రాసుకున్నాడు. జపాన్ వైపు మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. అభ్యంతరం లేదు కాబోలు అనుకున్నారు డచ్ వాళ్లు. తర్వాత నేను జపాన్ వైపు సెక్షన్ మేనేజర్‌కి విడిగా ఫోన్ చేస్తే ఒక్కొక్కటే బయటికొచ్చాయి: గోడౌన్‌లో చోటు లేదు, క్వాలిటీ విభాగంతో ఎవరూ మాట్లాడలేదు. పై అధికారి ఎదుట, అదీ బయటివాళ్ల ముందు, ఆ మాట ఎత్తడం ఆయనకు పద్ధతి కాదు.

చాలా జపాన్ కంపెనీల్లో రింగి అనే విధానం ఉంది. ప్రతిపాదన కాగితం కింది స్థాయిలో మొదలై, ఒక్కో విభాగం ఆమోదముద్ర వేయించుకుంటూ పైకి వెళ్తుంది. అందుకే నిర్ణయం ఆలస్యమవుతుంది, అయ్యాక అమలు మాత్రం చకచకా సాగుతుంది. ఇది తెలియని మేనేజర్ జపాన్ వాళ్లు నాన్చుతున్నారనీ, డచ్ వాళ్లకు పెద్దాచిన్నా లేదనీ అనుకుంటాడు. పనిమంతులకు ఇలా చెడ్డపేరు రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి, సంస్కృతి చట్టంలోకి కూడా ఎక్కుతుంది. 1997లో జర్మనీలో అడుగుపెట్టిన అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ తన ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిని అక్కడా అమలు చేయబోతే, ఉద్యోగుల మండలి కోర్టుకెక్కింది. 2005లో అందులో కొన్ని నియమాలు చెల్లవని తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ దుకాణాలు అమ్మేసి వెళ్లిపోయింది. దానికి చవక ధరల పోటీ కూడా పెద్ద కారణమే, నెపమంతా సంస్కృతి మీద వేయకూడదు.

దేశాల సంస్కృతుల్ని అంకెల్లో పోల్చే హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడి స్కోర్లు చూడండి, తప్పులేదు. కానీ అవి ప్రధానంగా ఐబీఎం ఉద్యోగుల సర్వేల నుంచి మొదలైన దేశాల సగటులు, ఎదుటి మనిషిని వాటితో కొలవకండి. నిక్కచ్చిగా వాదించే జపాన్ ఇంజనీర్లూ నాకు తెలుసు.

నేను పాటించేది ఇదీ: ప్రతిపాదన మీటింగ్‌కి బాగా ముందే జపాన్ వైపు ఒక్కొక్కరికీ పంపి, విడివిడిగా ఫోన్‌లో అభిప్రాయం కనుక్కుంటాను. జవాబు మీటింగ్‌లోనే రాకపోవచ్చని డచ్ వాళ్లకు ముందే చెప్పి, షెడ్యూల్‌లో దానికి సమయం వదిలిపెడతాను.