ఫ్యామిలీ మెడిసిన్ చదివితే మా అమ్మాయి ‘వట్టి డాక్టరు’గా మిగిలిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ పూర్తిచేసింది. నీట్ పీజీలో మంచి ర్యాంకు వచ్చింది. రేడియాలజీ గానీ డెర్మటాలజీ గానీ దొరుకుతుందని అందరూ అంటున్నారు. తనేమో ఫ్యామిలీ మెడిసిన్ (ఇంటిల్లిపాదికీ వచ్చే మామూలు జబ్బులన్నీ చూసే పీజీ) చేస్తాను, తర్వాత పల్లెల్లో, ఏజెన్సీలో పేదల ఆరోగ్యం కోసం పనిచేస్తాను, ఆ రంగంలోనే పెద్ద బాధ్యతలు తీసుకుంటాను అంటోంది. తన స్నేహితురాలు అమెరికాలో ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ అయిన ఎంపీహెచ్‌కి వెళ్తోంది. కనీసం అదైనా చెయ్యమంటే వినడం లేదు. ఇంత చదివించింది ఆరెంపీలా జ్వరాలకు మందులు రాయడానికా అని బంధువులు అడుగుతున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి? ఫ్యామిలీ మెడిసిన్, కమ్యూనిటీ మెడిసిన్, ఎంపీహెచ్ మూడింటినీ పోల్చి దేనికి భవిష్యత్తు ఉందో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయండీ. కోర్సు పేరు మారుతుంది గానీ అడిగేది మారదు. పోల్చమన్నారు, పోలుస్తాను. అయితే మీ ఉత్తరంలో కోర్సుల కంటే బంధువులు, సంబంధాలే ఎక్కువ కనిపిస్తున్నాయి. మీకు నిద్రపట్టనివ్వనిది అదే కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆరెంపీ అన్న మాటను మీ బంధువులు తిట్టులా వాడారు. జనం ఆయన దగ్గరికే ఎందుకు వెళ్తున్నారో ఎవరైనా ఆలోచించారా? పిలిస్తే ఇంటికి వస్తాడు. రాత్రి పదింటికైనా తలుపు తీస్తాడు. ముసలాయనకు షుగరు ఎప్పటి నుంచి ఉందో, కోడలికి ఎన్నో నెలో ఆయనకు తెలుసు. లేనిదల్లా చదువు. అందుకే అక్కరలేని ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, చేతికందిన యాంటీబయాటిక్కులు. చదువున్న డాక్టర్లేమో జిల్లా కేంద్రం దాటి రారు. ఈ ఖాళీలో నిలబడతానంటోంది మీ అమ్మాయి. దీనికి సిగ్గుపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు.

వేల్స్‌లోని గ్లిన్‌కోరగ్ అనే బొగ్గుగని ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే ఫ్యామిలీ డాక్టరు ఉండేవారు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని ఆయన 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆరోగ్య అసమానతల గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఆ వ్యాసం దగ్గరికే వస్తారు. ఆయన మంత్రీ కాదు, ప్రొఫెసర్ హోదా చూసుకుని రాసిందీ కాదు. జబ్బుపడి వచ్చినవాళ్లకు మందు రాసి ఊరుకోకుండా, తన పరిధిలోని వాళ్లందరినీ పిలిచి బీపీ చూసిన మనిషి. ఫ్యామిలీ డాక్టరు అంటే జ్వరాలకు మందులు రాసే మనిషి అనుకునేవాళ్లకు ఇది చెప్పండి.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే గర్భసంచి ఆపరేషన్ల సంగతి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరుసలోనే ఉన్నాయి. ముప్పై అయిదేళ్ల కూలీ మహిళకు తెల్లబట్ట, నడుంనొప్పి. ఎవరో నర్సింగ్ హోంకు తీసుకెళ్తారు, స్కానింగ్ చేస్తారు, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందని భయపెడతారు. చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు ముందే మొదలవుతాయి. ఆమె నమ్మే డాక్టరు ఒకరు దగ్గర్లో ఉండి, పరీక్ష చేసి, ‘అక్కర్లేదమ్మా, ఇది మందులతో తగ్గుతుంది’ అని ఉంటే ఆ ఆపరేషన్ జరగదు. అది ఫ్యామిలీ మెడిసిన్. ఒకే మండలంలో ఇలాంటివాళ్లు పదిమంది కనిపించినప్పుడు, వీళ్లందరినీ పంపుతున్నది ఎవరు, చేస్తున్నది ఎక్కడ అని లెక్క తీసి జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌వో ముందు, అవసరమైతే కలెక్టరు ముందు పెట్టడం మీ అమ్మాయి చెప్తున్న రెండో సగం. మొదటిది చేయకుండా రెండోది ఎవరికీ చేతకాదు. ఆ పదిమందినీ ఓపీలో చూసినవాళ్లకే ఆ లెక్క కనిపిస్తుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ అంతే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. చాలా మంచి పని. కానీ డయాలసిస్ అవసరం పడేది చివర్లో. అంతకుముందు కొన్నేళ్లపాటు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ, బీపీ అదుపులో ఉంచుతూ, ఒళ్లునొప్పులకు ఇష్టమొచ్చినట్టు నొప్పి మాత్రలు మింగకుండా ఆపుతూ ఒక డాక్టరు వెంట ఉండాలి. ఏజెన్సీలో గర్భిణిని డోలీలో మోసుకొస్తున్నారన్న వార్త చదివి మనం రోడ్డు గురించి మాట్లాడతాం. రోడ్డు వేయాల్సిందే. ప్రసవానికి ముందే వచ్చి ఉండమంటే ఆమె ఎందుకు రావడం లేదో కూడా ఎవరో ఒకరు అడగాలి. ఇంటి దగ్గర మిగతా పిల్లలను ఎవరు చూస్తారు, పోడు పని ఎవరు చేస్తారు అన్నది ఆమె బాధ అయితే, ఎంత మంచి వార్డు కట్టినా ఖాళీగానే ఉంటుంది.

ఇక మీరు ‘కనీసం అదైనా’ అన్న ఎంపీహెచ్. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఇదే మోజు. హౌస్ సర్జన్సీ అవగానే గ్లోబల్ హెల్త్, హెల్త్ ఈక్విటీ అంటూ విదేశాలకు వెళ్లేవాళ్లను చూస్తే నాకు సందేహాలే ఎక్కువ. ముందుగా తల్లిదండ్రులు గ్రహించనిది ఒకటుంది. ఎంపీహెచ్ చేసినంత మాత్రాన అమెరికాలో డాక్టరుగా పనిచేసే హక్కు రాదు. దానికి యూఎస్ఎంఎల్ఈ అనే లైసెన్సు పరీక్ష, రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ వేరే దారి. ఎంపీహెచ్ మన దేశంలోనూ, బయటా డాక్టర్లు కానివాళ్లు కూడా చేసే కోర్సు. చదువైపోయాక దొరికే ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు నివేదికలు, డేటా పనులు. అవి తక్కువ పనులని నేననను. కానీ అప్పు చేసి వెళ్లిన పిల్లకు వీసా గడువు, వాయిదాల గడువు రెండూ తరుముతుంటే, ఏ పేదవాళ్ల కోసం వెళ్లిందో ఆ ఆలోచన వెనక్కి పోతుంది. దొరికిన ఉద్యోగంలో కూర్చుంటుంది.

అంతకన్నా పెద్ద సందేహం ఇంకొకటి. బీపీ మాత్రలు రెండు నెలలు వేసుకుని ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని మానేసిన మనిషితో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడకుండా, రక్తపోటు పథకం ఎలా నడపాలో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? ఆశా కార్యకర్త సాయంత్రం దాకా తిరిగి, రాత్రి ఫోన్లో యాప్ నింపుతుందని చూడకుండా, ఆమెకు ఇంకో సర్వే అప్పగించడం సులువు. పాతికేళ్లకే సలహాదారు అయినవాళ్ల దగ్గర నేను చూసిన లోటు ఇదే. తెలివికి కొదవ లేదు. జనం మాత్రం వాళ్లకు పట్టికల్లోనే పరిచయం.

ఈ రంగంలో మనం గౌరవంగా చెప్పుకునేవాళ్లు ఏ వరుసలో వెళ్లారో చూడండి. రజనీకాంత్, మేబెల్ అరోలే దంపతులు వెల్లూరు సీఎంసీలో చదివి, పల్లెటూరి మిషన్ ఆసుపత్రిలో వైద్యం చేశాకే జాన్స్ హాప్కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ చదివారు. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టి, అక్షరం రాని ఆడవాళ్లను ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. 1979లో మెగసెసే అవార్డు వచ్చింది. అభయ్ బంగ్ జనరల్ మెడిసిన్‌లో, రాణీ బంగ్ గైనకాలజీలో ఎండీలు. వాళ్లూ ఆ తర్వాతే జాన్స్ హాప్కిన్స్‌కు వెళ్లి, తిరిగొచ్చి మన తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో స్థిరపడ్డారు. పసికందులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందిస్తే మరణాలు ఎంతగా తగ్గుతాయో 1999లో లాన్సెట్‌లో చూపించారు. ఇవాళ ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డ బరువు చూస్తున్నారంటే దాని మూలం అక్కడుంది. ఎంపీహెచ్ వాళ్లకు బాగా పనికొచ్చింది. ఎందుకు పనికొచ్చిందంటే, అక్కడికి వెళ్లేసరికే వాళ్ల దగ్గర అడగాల్సిన ప్రశ్నలున్నాయి. మీ అమ్మాయి కూడా ఓ నాలుగైదేళ్లు రోగులను చూశాక వెళ్తానంటే సంతోషంగా పంపండి. అమెరికాయే కానక్కర్లేదు. తిరువనంతపురంలో అచ్యుత మేనన్ సెంటర్, చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ల ఎపిడెమియాలజీ సంస్థ, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య సంస్థ ఉన్నాయి.

కమ్యూనిటీ మెడిసిన్ ఎండీ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఒక్కో రోగిని కాక మొత్తం జనం ఆరోగ్యాన్ని చూసే మంచి కోర్సు. ప్రతి మెడికల్ కాలేజీలోనూ ఆ విభాగం ఉండాల్సిందే కాబట్టి బోధన ఉద్యోగాలుంటాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాజెక్టులకూ దారి దగ్గర. పోగొట్టుకునేది స్టెతస్కోపుతో గడిపే సమయం. మీ అమ్మాయి ఉత్సాహం రోగి ఎదురుగా కూర్చోవడంలో ఉంటే ఫ్యామిలీ మెడిసిన్, లెక్కలూ అంటువ్యాధుల పరిశోధనా ఇష్టమైతే ఇది.

ఫ్యామిలీ మెడిసిన్‌లో కష్టాలు లేవని మభ్యపెట్టను. ఎండీ సీట్లు కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ లాంటి కొన్నిచోట్లే ఉన్నాయి. ఎక్కువమంది చేసేది జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే, ఎండీతో సమానమైన మూడేళ్ల డీఎన్‌బీ. చాలా మెడికల్ కాలేజీల్లో ఈ విభాగమే లేదు కాబట్టి ప్రొఫెసర్ అవ్వాలన్న కోరిక ఉంటే దారి ఇరుకు. పీహెచ్‌సీలో చేరితే, ఎంబీబీఎస్ మాత్రమే చదివినవాళ్ల పక్కనే అదే పోస్టులో కూర్చోవాల్సి రావచ్చు. రేడియాలజిస్టు సంపాదన రాదు, ఆ ఆశ ఇప్పుడే వదిలేయండి. డీఎన్‌బీ సీటు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని ఆసుపత్రుల్లో మూడేళ్లూ క్యాజువాలిటీ డ్యూటీలతో నింపేస్తారు. మెడిసిన్, పిల్లల వార్డు, ప్రసవాల గది, సర్జరీ అన్నింటిలోనూ నిజంగా తిప్పుతున్నారా, బయట పీహెచ్‌సీకో పల్లెకో పంపుతున్నారా అని అక్కడ చదువుతున్న సీనియర్లను అడిగి తెలుసుకోమనండి. ఆసుపత్రి భవనం చూసి సీటు తీసుకోవద్దు.

ఇవన్నీ ఉన్నా మీరు భయపడుతున్నట్టు అమ్మాయి రోడ్డున పడదు. షుగరు, బీపీ, వయసు మీదపడినవాళ్లు లేని ఇల్లు ఏ ఊళ్లో ఉంది? ఒకాయన మోకాలికి ఒకరు, గుండెకు ఒకరు, షుగరుకు ఒకరు రాసిన మందులన్నీ ముందేసుకుని ఏవి వేసుకోవాలో తెలియక కూర్చుంటే, వాటిని చూసి సగం తీసేయగల డాక్టరుకు పని లేని రోజంటూ ఉండదు. రేపు ముప్పై అయిదేళ్లకు పల్లె వద్దనిపించినా, పట్నంలో క్లినిక్ పెట్టుకుని గౌరవంగా బతుకుతుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా ఫ్యామిలీ మెడిసిన్‌ను పెంచాలనే చెప్పింది. అమలు నెమ్మదిగా ఉంది, నిజమే. అయినా దారి మూసుకుపోతున్న కోర్సు కాదిది.

‘పెద్ద బాధ్యతలు’ ఎప్పుడొస్తాయన్న బెంగ కూడా వద్దు. నిబంధన ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ. దాని మెడికల్ ఆఫీసరుగా చేరిన రోజే అంతమంది బాధ్యత ఆమె మీద ఉంటుంది. మందుల ఇండెంట్ సమయానికి పెట్టాలి. ఏఎన్ఎంలకు, ఆశాలకు మధ్య తగువు తీర్చాలి. సర్పంచిని ఒప్పించి నీళ్ల ట్యాంకు కడిగించాలి. జిల్లా సమావేశంలో లెక్క తప్పుగా చెప్పమని ఒత్తిడి వస్తే చెప్పనని కూర్చోవాలి. తర్వాత జిల్లా ప్రోగ్రాం ఆఫీసరు, డిప్యూటీ డీఎంహెచ్‌వో, స్వచ్ఛంద సంస్థలో డైరెక్టరు, వ్యాధి నిఘా ఉద్యోగాలు, ఏది వచ్చినా ఆ పీహెచ్‌సీలో నేర్చుకున్నదే పనికొస్తుంది. ఆమె చేరాలనుకునే పదవికి ఇవే మెట్లు. వీటిని తప్పించి పైకి ఎక్కించాలని మీరు చూడకండి.

ఇక పెళ్లి సంబంధాలు. కాస్త కటువుగానే చెప్తున్నాను, ఏమనుకోకండి. పాతికేళ్లు పెంచి, డాక్టరును చేసి, ఇప్పుడు ఆమె పీజీని ముక్కూమొహం తెలియని వియ్యంకుడి మెప్పు కోసం ఎంచుకుంటారా? డెర్మటాలజీ అని చెబితే ఒప్పుకుని ఫ్యామిలీ మెడిసిన్ అంటే మొహం తిప్పుకునే ఇంటికి పంపి మీరు ప్రశాంతంగా ఉండగలరా? ఆమె చేయబోయే పనిని చూసి ఇష్టపడి వచ్చేవాళ్లతోనే మాట్లాడండి. బంధువులు అడిగితే తలదించుకుని ‘ఏదో ఫ్యామిలీ మెడిసిన్ అంటోందండీ’ అనకండి. ఆ పిల్ల పక్కనే నిలబడి వింటూ ఉంటుంది.

మీరు చేయదగిన సాయం ఒకటుంది. కౌన్సెలింగ్‌కు ముందు వారం రోజులు ఆమెతో కలిసి ఏదైనా ఏజెన్సీ పీహెచ్‌సీకో, ఇలాంటి పని చేస్తున్న సంస్థకో వెళ్లండి. ఆమె ఉండబోయే చోటు, తినబోయే తిండి, రాత్రిపూట రాకపోకలు, ఆడపిల్లగా ఆమెకు కావాల్సిన భద్రత మీ కళ్లతో చూడండి. మీకు ఇంకా భయం ఉంటే ఆ భయాన్ని దాని పేరుతోనే ఆమెకు చెప్పండి, ర్యాంకు వృథా అవుతోందన్న మాట వెనక దాచకుండా. క్వార్టర్స్ లేని చోట ఎలా ఉంటావని అడిగితే ఆమె జవాబు ఆలోచించుకుంటుంది. పరువు పోతుందని అంటే మాట్లాడటం మానేస్తుంది. తిరిగొచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు కంప్యూటర్ ముందు ఆమెనే కూర్చోనివ్వండి, వరుస ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. లాగిన్ పాస్‌వర్డ్ మీ ఫోన్లో ఉంటే ఈ రోజే ఆమెకు ఇచ్చేయండి.