హెచ్-1బి స్టాంపు గడువు తీరినా అమ్మానాన్నలతో కారులో కెనడా మీదుగా అలాస్కాకు వెళ్లి రావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు సియాటిల్ దగ్గర హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నారు, పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు నిరుడు తీరిపోయింది, మే నెలలో గుంటూరు నుంచి వస్తున్న మీ అమ్మానాన్నలను కారులో ఎక్కించుకొని కాల్గరీలో మీ అక్కగారింట్లో వారం రోజులుండి, అక్కడి నుంచి అలాస్కా చూసి, మొత్తం ఐదు వారాల్లో ఇల్లు చేరాలనుకుంటున్నారు. తిరిగి అమెరికాలోకి రానిస్తారా, కెనడాలో ఉన్నప్పుడే వాంకూవరులో స్టాంపింగు కూడా చేయించుకోవచ్చా అని అడిగారు. కాగితాలు సరిగా ఉంటే రానిస్తారనేది మొదటిదానికి నా జవాబు, ఆ పని మాత్రం పెట్టుకోకండి అనేది రెండోదానికి. నేను న్యాయవాదిని కాను. 2024 ఆగస్టు చివర మొదలుపెట్టి సెప్టెంబరులో ముగించిన ప్రయాణంలో, దాదాపు మీ స్థితిలోనే, అమ్మ, నాన్న, నా భార్య, ఆరేళ్ల మా అబ్బాయి, నేను వెళ్లి వచ్చాము కనుక, మాకు ఎక్కడ చిక్కు పడిందో చెప్పగలను.

ముందు దారి సంగతి. అలాస్కా అమెరికాలోని రాష్ట్రమే అయినా మిగతా దేశంతో దానికి నేలమీద సరిహద్దు లేదు కనుక, రోడ్డు మీద పోయి వచ్చేవారు నాలుగుసార్లు సరిహద్దు దాటాలి. అందులో రెండు కెనడాలోకి ప్రవేశాలు, రెండు అమెరికాలోకి తిరుగు ప్రవేశాలు. అందరూ ఒకే కారులో కూర్చున్నా, సరిహద్దు గది ముందు ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్క తీరుగా ఉంటుంది. మాలో నాకు గడువు తీరిన స్టాంపు, నా భార్యకు గడువున్న హెచ్-4 స్టాంపు (హెచ్-1బి వారి భార్యాభర్తలకిచ్చే వీసా), అమ్మానాన్నలకు పదేళ్ల బి-2 సందర్శక వీసా, మా అబ్బాయికి అమెరికా పాస్‌పోర్టు. అసలు ప్రయాణానికి ముందు నేను చేసిన పెద్ద పొరపాటు, "మా కుటుంబం" అని ఒకే లెక్క వేసుకోవడం.

మీకు, నాకు వర్తించేదాన్ని ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అంటారు. కెనడాలోనో మెక్సికోలోనో 30 రోజులు మించకుండా ఉండి, మరే దేశానికీ పోకుండా తిరిగి వచ్చేవారికి, వీసా స్టాంపు గడువు తీరినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే రికార్డు) గడువు మిగిలి ఉండి, హోదా చెడకుండా ఉంటే ప్రవేశం ఇస్తారు. విద్యార్థి వీసా మీద వచ్చి ఇక్కడే హెచ్-1బికి మారి, ఆ తరువాత స్టాంపింగు చేయించుకోని వారికి కూడా ఇది పనికొస్తుంది. మీ ఐదు వారాలు 30 రోజులు దాటాయని కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే అలాస్కాలో అడుగు పెట్టడంతో మొదటి లెక్క ముగుస్తుంది, తిరిగి కెనడాలోకి వచ్చిన రోజు రెండోది మొదలవుతుంది. మేము పోయేటప్పుడు కెనడాలో రెండు వారాలు, వచ్చేటప్పుడు ఎనిమిది రోజులు ఉన్నాము. అయితే ఈ సదుపాయానికి ఒక గట్టి షరతు ఉంది: అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేస్తే ఇది రద్దయిపోతుంది. ఆ వీసా రాకపోతే, లేదా పరిశీలన పేరుతో ఆగిపోతే, మీరు కెనడా నుంచి ఇటు రాలేరు, కారు, అమ్మానాన్నలు, ఉద్యోగం అన్నీ మధ్యలో వేలాడతాయి. పైగా 2025 సెప్టెంబరు నుంచి వీసా దరఖాస్తును సొంత దేశంలోనో, నివాసముండే దేశంలోనో చేయాలని అమెరికా విదేశాంగ శాఖ చెబుతోంది. కాబట్టి వాంకూవరు మాట మరచిపోండి.

ఐ-94 విషయంలో చాలామంది చేసే తప్పు, వెబ్‌సైటులో కనబడేదాన్ని అచ్చు వేసుకొని బయలుదేరడం. మీ హెచ్-1బిని అమెరికాలో ఉండగానే పొడిగించి ఉంటే, అసలైన ఐ-94 ఆమోదపత్రమైన ఐ-797ఎ అడుగు భాగంలో ఉంటుంది, వెబ్‌సైటు మాత్రం మీరు చివరిసారి విమానం దిగిననాటి పాత తేదీనే చూపిస్తుంది. నేను మూల పత్రం, ఇటీవలి జీతం రసీదులు, ఈ నిబంధన పాఠం ఒక ఫైలులో పెట్టుకున్నాను. మేము తిరిగి ప్రవేశించిన రెండు చోట్లలో ఒకచోట అధికారి నా పాస్‌పోర్టు తిరగేసి, "మీ వీసా అయిపోయింది కదా" అన్నారు. నేను ఐ-797ఎ అడుగు భాగం చూపించాను. ఆయన లోపలికి వెళ్లి, ఎవరినో అడిగి, ఇరవై నిమిషాల తరువాత వచ్చి పాస్‌పోర్టు చేతికిచ్చి పొమ్మన్నారు. ఆ ఇరవై నిమిషాలూ నాన్న కారులో కూర్చొని ఆంజనేయ దండకం చదువుకున్నారట. రెండో చోట ఏ ప్రశ్నా రాలేదు. ఫోనులో ఉన్నాయిలే అనుకోకండి, ఆ దారిలో గంటల తరబడి సిగ్నలు ఉండదు.

నా భార్య సంగతి ఇంకో రకం. ఆమె చివరిసారి ఇండియా నుంచి వచ్చినప్పుడు పాస్‌పోర్టుకు ఏడాదిన్నర గడువే మిగిలి ఉంది, అందుచేత ఐ-94ను కూడా ఆ పాస్‌పోర్టు గడువు తేదీకే కుదించి ఇచ్చారు. ఆమోదపత్రంలో 2026 అని ఉంది కదా అని మేము ఆ సంగతే పట్టించుకోలేదు, మధ్యలో పాస్‌పోర్టు మార్చుకున్నాము, కొత్త పాస్‌పోర్టుతో ఐ-94 తేదీ తనంతట తానే మారదన్న ఊహ కూడా మాకు లేదు. ప్రయాణానికి వారం ముందు ఫైలు సర్దుతుంటే, ఆమె ఐ-94 మేము అలాస్కాలో ఉండగా తీరిపోతుందని తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అదృష్టం ఏమిటంటే ఆమె హెచ్-4 స్టాంపు ఇంకా చెల్లుతోంది. పాత పాస్‌పోర్టులోని ఆ స్టాంపు, కొత్త పాస్‌పోర్టు, నా ఆమోదపత్రం, పెళ్లి ధ్రువపత్రం చూపించి, పాతదాని మీద కాకుండా కొత్త ఐ-94 కావాలని ఆమే నోరు తెరచి అడిగితే, అప్పట్లో 6 డాలర్ల రుసుము కట్టించుకొని ఆమోదపత్రంలోని తేదీ వరకు ఇచ్చారు. అంటే మా కారులో నాకు పాత ఐ-94 నిలబెట్టుకోవడం అవసరం, పక్క సీటులో ఉన్న ఆమెకు దాన్ని వదిలించుకోవడం అవసరం. ఆమె స్టాంపు కూడా తీరిపోయి ఉంటే సరిహద్దు దాటినందువల్ల కొత్త తేదీ వచ్చేది కాదు, ఇంట్లో కూర్చొని ముందుగానే పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవలసి వచ్చేది.

ఇక అమ్మానాన్నల కెనడా వీసా. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా వీసా ఉన్నంత మాత్రాన కెనడా ప్రవేశం రాదు, హెచ్-1బి మీద ఉన్న మనకైనా, బి-2 మీద వచ్చే పెద్దలకైనా కెనడా సందర్శక వీసా విడిగా కావాలి. మేము వారు రాజమండ్రి నుంచి వచ్చాక ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టాము. మనిషికి 100 కెనడా డాలర్ల రుసుము, వేలిముద్రలకు మరో 85. నాన్నది సాఫీగా వచ్చింది. అమ్మది ఆగిపోయింది, అందుకు కారకుడిని నేనే. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లాగే అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు మొత్తం రెండో గడిలో ఉంటుంది. అమెరికా వీసాలో ఆ పేరునంతా ఇంటిపేరు స్థానంలోకి జరిపి, సొంత పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని అచ్చు వేశారు. సొంత పేరు తెలియదని దానికి అర్థం. నేను ఆ వీసా చూసి కెనడా దరఖాస్తులో కూడా అమ్మ పేరు ముందు ఆ మూడక్షరాలూ కొట్టాను. అక్కడి పద్ధతి వేరు: పేరు మొత్తం ఇంటిపేరు గడిలో రాసి, రెండోది ఖాళీగా వదలాలి. సవరణ కోరుతూ ఉత్తరం రావడం, నేను వివరణ పంపడం, మళ్లీ ఎదురుచూడడం, అంతా కలిపి ఐదు వారాలు పోయింది.

ఆ ఐదు వారాల్లో ఇంట్లో నడిచిన చర్చ వీసా చర్చ కాదు. ఎడ్మంటన్‌లో మా పిన్ని, అంటే అమ్మ సొంత చెల్లెలు, కొడుకు దగ్గర ఉంటోంది. అక్కచెల్లెళ్లు ఎదురుపడి ఎనిమిదేళ్లయింది. హోటళ్లకు కట్టిన డబ్బు పోతుందని, నన్ను ఇంట్లో వదిలి మీరు వెళ్లి రండని అమ్మే అంది. నాన్న మొదట ఒప్పుకున్నారు కూడా. పిన్ని ఫోను చేసి, "అక్క లేకుండా వస్తే తలుపు తీయను బావగారూ" అనడంతో అది ముగిసింది. జూలై చివరి వారపు ప్రయాణాన్ని ఆగస్టు చివరికి నెట్టాము. మేము ఆ జూలై వారంలో జాస్పర్‌లో రెండు రాత్రులు ఉండవలసింది. 22న కార్చిచ్చు వల్ల ఆ ఊరిని ఖాళీ చేయించారు, 24న మంటలు ఊళ్లోకి వచ్చి మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి. నెల తరువాత ఆ దారిన వెళ్తూ నల్లబడిన చెట్లను చూసినప్పుడు, నా తప్పు గురించి అమ్మ మళ్లీ ఎత్తలేదు.

కెనడాలోకి మొదటి ప్రవేశంలో అధికారి ప్రశ్నలు నన్ను కాదు, అమ్మను అడిగారు. ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు అని. నేను తెలుగులో చెప్పగానే అమ్మ, "మా చెల్లెలు ఎన్నాళ్లు ఉండమంటే అన్నాళ్లు" అంది. ఆయనకు తెలుగు రాకపోవడం మా పుణ్యం. ఆవిడ సరదాగా అన్నారని, మా ప్రణాళిక ఇదీ అని తేదీలు, పిన్ని పంపిన ఆహ్వాన పత్రం, ఇండియాకు తిరుగు టిక్కెట్లు చూపించాను. మీ అక్కగారి చేత చిరునామా, ఫోను నంబరు, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అన్నది రాసిన ఉత్తరం తెప్పించుకోండి, మీ అమ్మగారికి ఆ రెండు ప్రశ్నలకు జవాబు ముందే చెప్పి ఉంచండి. అలాస్కా నుంచి మళ్లీ కెనడాలోకి రావాలి కనుక, వీసా మీద ఎన్ని ప్రవేశాలని రాసి ఉందో చూసుకోవాలి. ఒక్క ప్రవేశమే ఇచ్చినా, మధ్యలో అమెరికాకు మాత్రమే వెళ్లి, మొదట అనుమతించిన గడువులోపల తిరిగి వస్తే రానిచ్చే మినహాయింపు కెనడా నిబంధనల్లో ఉంది. కానీ పెద్దవాళ్లతో ఉన్నప్పుడు వాదన మీద ఆధారపడే ప్రయాణం నేనైతే చేయను.

పిన్ని ఇంట్లో ఐదు రోజులనుకున్నది ఏడయింది. బయలుదేరేటప్పుడు ఆవిడ గోంగూర పచ్చడి, సున్నుండలు, కిటికీ దగ్గర కుండీలో పిల్లలా పెంచుకున్న చెట్టు నుంచి కోసిన కరివేపాకు కట్ట ఇచ్చింది. పచ్చి కరివేపాకు అమెరికాలోకి తీసుకురావడం నిషేధం, నిమ్మజాతి తోటలకు తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందని. వద్దంటే పిన్ని బాధపడుతుందని తీసుకున్నాను, అలాస్కా సరిహద్దులో నేనే ముందుగా చెప్పి అప్పగించాను. చెప్పాము కనుక జరిమానా పడలేదు, పచ్చడి జోలికీ రాలేదు. కెనడా వైపు బీవర్ క్రీక్ దాటాక అమెరికా తనిఖీ కేంద్రానికి ముప్పై కిలోమీటర్ల దారి ఉంటుంది, ఆ మధ్యలో అమ్మ ఆ కట్టను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

తిరుగు దారిలో ఒక ప్రలోభం ఎదురవుతుంది. కసియార్ రోడ్డు మీదుగా దక్షిణానికి వస్తే, స్టీవర్ట్ అనే కెనడా ఊరి పక్కనే హైదర్ అనే చిన్న అలాస్కా ఊరు ఉంది. నాన్న ఆ బోర్డు చూసి, "హైదర్ ఇక్కడుంటే ఆబాద్ ఎక్కడుందో" అని, లోపలికి పోదామని పట్టుబట్టారు. అక్కడ అమెరికా వైపు తనిఖీ కేంద్రం లేదు, వెనక్కి వచ్చేటప్పుడు కెనడా తనిఖీ మాత్రం ఉంటుంది. పౌరులకు అది వినోదమే కానీ, ప్రతి అడుగుకూ తేదీ చూపించవలసిన నాలాంటివాడికి ఏ రికార్డూ లేని ప్రవేశం ఎందుకని నేను ఒప్పుకోలేదు. నాన్న సరిహద్దు గీతకు ఇవతల నిలబడి ఫొటో దిగి, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

అమ్మానాన్నల ఐ-94 గురించి ఒక్క మాట. వారికి మొదట ఇచ్చిన ఆరు నెలల గడువు కెనడాలో గడిపిన రోజుల వల్ల ఆగదు, పెరగదు, తిరిగి వచ్చినప్పుడు కొత్తగా ఆరు నెలలు ఇస్తారని ఎవరైనా చెబితే దాని మీద టిక్కెట్లు మార్చకండి. మా అమ్మానాన్నలకు రెండు ప్రవేశాల తరువాతా పాత తేదీయే మిగిలింది. అలాగే అమెరికాలో వారికి తీసుకున్న ఆరోగ్య బీమా కెనడాలో చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి, మాది చెల్లలేదు, ఆ మూడు వారాలకు విడిగా తీసుకున్నాము. కారు బీమాకు కెనడాలో చూపించే కార్డు మీ బీమా సంస్థ అడిగితే ఇస్తుంది.

మీకు మే నెల అంటే వ్యవధి ఉంది. మీ అమ్మానాన్నల కెనడా దరఖాస్తు వారు గుంటూరులో ఉండగానే పెట్టించండి, వేలిముద్రలు హైదరాబాదులో ఇవ్వవచ్చు. దానికంటే ముందు ఈ రాత్రికి ఫోను చేసి, మీ అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో చదివి చెప్పమనండి.