12వ సీన్ మళ్ళీ రాయి

చిరంజీవి తమ్ముడికి,

రోమన్ సైనికుల మీద నువ్వు రాసిన సినిమా స్క్రిప్ట్ చదివాను. ఎనిమిది మంది కలిసి ఒకే గుడారం మడిచి ఒకే కంచరగాడిద మీదికెక్కించే సీన్ బాగుంది. నాకు కోపం తెప్పించింది 12వ సీన్, అంటే యుద్ధం సీన్, పక్కన నువ్వు రాసుకున్న మాట: "వినోదం కోసం చరిత్రను పక్కన పెట్టాను." వినోదం కోసం నువ్వేమీ వదులుకోలేదు, ఇంకో సినిమాలో చూసింది ఎత్తి రాశావు. అడవిలో మంటల కుండలు 2000లో వచ్చిన 'గ్లాడియేటర్' మొదటి యుద్ధంలోవి. తోలు కవచాలు, మణికట్టుకు తోలు పట్టీలు అంతకంటే పాత ఫ్యాషన్. మామూలు లీజియన్ (రోమన్ ప్రధాన సైన్యం) సైనికుడు తోలు కవచం తొడిగాడనడానికి గట్టి ఆధారం లేదు. అతనిది ఇనుప రింగుల చొక్కా, లేదంటే ఇనుప పట్టీల కవచం.

నీ కథ క్రీ.శ. 105లో, డేషియాలో (ఇప్పటి రొమేనియా ప్రాంతం). అక్కడ వరుస విడిచి ఎవడికి వాడు పరిగెత్తితే బతకడు. ముందు పిలుం సంగతి చూడు. సుమారు 2 మీటర్ల ఈటె. మొన చిన్న పిరమిడ్, దాని వెనక సన్నటి ఇనుప కడ్డీ. మొన చేసిన కన్నం కడ్డీ కంటే పెద్దది కాబట్టి కడ్డీ డాలులోంచి జారి వెనకున్న మనిషిదాకా పోతుంది. మనిషికి తగలకపోయినా డాలు పనికిరాదు. ఈటె లాగితే ఊడదు, దాంతో సహా డాలు మోయలేడు, పారెయ్యాలి. 20 మీటర్ల దూరం నుంచి పరిగెత్తుకొచ్చే శత్రువుకు పట్టేది నాలుగైదు సెకన్లు. ఆలోపే విసరాలి, కత్తి దూయాలి. సరిగ్గా అక్కడే నువ్వు హీరోకి అర పేజీ డైలాగ్ పెట్టావు!

తర్వాత ఎడమ చేతి డాలు. దాని నడిమి ఇనుప బుడిపెతో గుద్ది, ఎదుటివాడు తడబడగానే అరమీటరు కత్తితో కడుపులో పొడవాలి. చెయ్యెత్తి నరికితే కుడి పక్కంతా శత్రువుకు అప్పగించినట్టే. కెమెరాను డాలు అంచు దగ్గర పెట్టి చూడు, ఊపిరాడదు.

డేషియన్ల ఫాల్క్స్ నీ స్క్రిప్ట్‌లో ఒక్కసారి కూడా రాలేదు. లోపలికి వంగిన ఆ కత్తిని రెండు చేతులతో దింపితే డాలు పైనుంచి తల మీదికో కుడి చేతి మీదికో వస్తుంది. అందుకే రోమన్లు శిరస్త్రాణాల మీద అడ్డదిడ్డంగా ఇనుప పట్టీలు బిగించారు, కుడి చేతికి ఇనుప తొడుగు వేశారు. రొమేనియాలో ఆదాంక్లిసి స్మారకం శిల్పాల్లో ఆ తొడుగు ఇప్పటికీ కనిపిస్తుంది. యుద్ధం ముందు రాత్రి ఆ పట్టీ బిగిస్తున్నవాణ్ణి చూపించు. అది ఎందుకో ప్రేక్షకుడికి తెలిస్తే తెల్లారేదాకా భయపడతాడు.

"వివరాలెక్కువైతే జనం చూడరు" అనే ఎడిటర్లనూ ప్రొడ్యూసర్లనూ నేను క్షమించలేను. జనం మీద నెపం పెట్టి తమ బద్ధకాన్ని దాచుకుంటారు.

చరిత్రను మార్చవద్దని కాదు. ఈ డేషియా యుద్ధాలనే చెక్కి రోములో 113లో నిలిపిన ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద లీజియన్ సైనికులకు పట్టీల కవచం, సహాయక దళాలకు రింగుల చొక్కా. నిజంగా అంత తేడాగా ఉండేది కాదు. కింద నిలబడ్డవాడు ఎవరెవరో గుర్తుపట్టాలని శిల్పి అలా విడదీశాడు. ఏం మారుస్తున్నాడో, ఎందుకో అతనికి తెలుసు. నువ్వూ అంతే తెలిసి మార్చు. అదే స్తంభం మీద సైనికులు పోరాడేదానికంటే ఎక్కువగా కోటలు కట్టడం, చెట్లు కొట్టడం కనిపిస్తుంది, అది కూడా వాడుకో.

నీ హీరో దోపిడీకి ఎందుకు ఎగబడతాడో కథలో కారణం లేదు. అంతకు 30 ఏళ్ళ ముందు యూదయలో ఒక సైనికుడి జీతం లెక్క పాపిరస్ మీద దొరికింది. వచ్చింది 50 దెనారీలు (రోమన్ వెండి నాణేలు). బార్లీకి 16, తిండికి 20, బూట్లకు 5, తోలు పట్టీలకు 2, నార చొక్కాకు 7. కూడి చూడు, ఏమీ మిగలదు. ఈ లెక్క చదివి వినిపించే గుమాస్తా ఒక్కడుంటే చాలు.

హీరోయిన్ గురించి, బడ్జెట్ గురించి ఇప్పుడేమీ చెప్పను. ముందు 12వ సీన్ తిరగరాసి పంపు. అందులో సైనికుడి కత్తి కుడి పక్కన వేలాడుతుందనీ, ఎడమ చేతి డాలు అడ్డం రాకుండా కుడి చేత్తోనే పైకి లాగుతాడనీ, సెంచూరియన్‌కు (దళ నాయకుడికి) మాత్రం ఎడమ పక్కన ఉంటుందనీ స్పష్టంగా రాయి. లేకపోతే షూటింగ్ రోజు కాస్ట్యూమ్ వాళ్ళు అందరికీ ఎడమ పక్కనే కట్టేస్తారు.

ఆశీస్సులతో,
అన్నయ్య