ఎముక పొడి దేనితో చేస్తారు?

దంత ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా అత్తగారికి 62 ఏళ్లు. కింద ఎడమవైపు దవడ పన్ను తీయించుకుని 8 ఏళ్లయింది. ఇప్పుడు ఇంప్లాంటు కోసం వెళితే స్కాన్ తీసి, అక్కడ ఎముక వెడల్పు 4 మిల్లీమీటర్లే ఉందనీ, ముందు బోన్ గ్రాఫ్టింగ్ చేసి ఎముక పొడి నింపాలనీ అన్నారు. ఆ పొడి పశువుల ఎముకలతో చేస్తారని ఎవరో చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని మనిషి కావడంతో ఆ రోజు నుంచి ఆవిడ చికిత్స మాట ఎత్తనివ్వడం లేదు. ఇది నిజమేనా? గ్రాఫ్టింగ్ లేకుండా కుదరదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ అత్తగారు విన్నది కొంతవరకు నిజమే. అయితే ఎముక పొడి అంతా ఒకటే రకం కాదు. ఆవిడకు అభ్యంతరం లేని రకంతోనే ఈ చికిత్స చేయించుకునే వీలుంది.

ముందుగా ఎముక ఎందుకు తగ్గిందో చెబుతాను. పంటిని పట్టి ఉంచే ఎముక పన్ను కోసమే ఉంటుంది. పన్ను పోయాక నమిలే ఒత్తిడి అందక అది కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలోనే వెడల్పు దాదాపు సగం వరకు తగ్గవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే పోతుంది. ఇంప్లాంటు అంటే ఒక టైటానియం స్క్రూ. దాన్ని పట్టి ఉంచే జిగురు ఏదీ ఉండదు, చుట్టూ ఉన్న ఎముకే దాని ఉపరితలానికి అతుక్కుని పెరగాలి. స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ ఈ గుణం ఆధారంగానే 1965లో తొలిసారిగా మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. దవడ పన్ను స్థానంలో పెట్టే స్క్రూ సాధారణంగా 4 మిల్లీమీటర్లు, ఆపైన లావుంటుంది. దానికి ఇరువైపులా కనీసం మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఎముక మిగలాలి. అంటే 6 లేదా 7 మిల్లీమీటర్లు కావలసిన చోట మీ అత్తగారికి నాలుగే ఉన్నాయి కనుక, ఆ డాక్టరు గారి సలహా సమంజసమైనదే.

ఇక అసలు సందేహానికి వస్తాను. పశువుల ఎముకతో చేసే పొడి వాడుకలో ఉంది. ఎముకలోని మాంసకృత్తులు, కొవ్వు పూర్తిగా పోయేలా శుద్ధి చేసి, ఖనిజ భాగాన్ని మాత్రమే మిగిల్చి దాన్ని తయారు చేస్తారు. అది చాలా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి నింపిన చోట ఆకారం నిలబడుతుందని ఎంతోమంది వైద్యులు దాన్నే ఇష్టపడతారు. రెండో రకం, మరణానంతరం దాతలు ఇచ్చిన మానవ ఎముక. మన దేశంలో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు ఇటువంటి ఎముకను శుద్ధి చేసి అందిస్తోంది. మూడోది పూర్తిగా కృత్రిమమైనది. హైడ్రాక్సీ అపటైట్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే కాల్షియం లవణాలతోనో, బయోగ్లాస్ అనే ఒక రకం గాజుతోనో దీన్ని తయారు చేస్తారు. ఇందులో జంతువుల పదార్థం ఉండదు. నాలుగోది రోగి సొంత ఎముక. కింది దవడలో చివరి పన్ను వెనక నుంచో, గడ్డం దగ్గర నుంచో కొద్దిగా తీసి అవసరమైన చోట అమరుస్తారు. జీవకణాలతో కూడిన ఎముక కనుక ఇది బాగా పని చేస్తుంది. కాకపోతే ఎముక తీసిన చోట మరో గాయం మానాలి. మీ అత్తగారి నియమానికి కృత్రిమ పొడి గానీ, సొంత ఎముక గానీ, రెండింటినీ కలిపి గానీ సరిపోతాయి.

అయితే చాలామంది అడగడం మరచిపోయే విషయం మరొకటి ఉంది. పొడి చెదిరిపోకుండా, చిగురు లోపలికి పెరగకుండా దానిపైన ఒక పలుచని పొర కప్పుతారు. ఈ పొరలను ఎక్కువగా పశువుల లేదా పందుల చర్మం వంటి భాగాల్లో ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తుతోనే తయారు చేస్తారు. కరిగిపోయే కుట్లలో క్యాట్‌గట్ అనే దారాన్ని కూడా జంతువుల పేగుల నుంచే తీస్తారు. కాబట్టి పొడి ఒక్కటే కృత్రిమమైతే చాలదు. పొర, కుట్లు, రక్తం ఆపడానికి పెట్టే స్పాంజి దేనితో చేసినవో చికిత్సకు ముందే అడిగి, పెట్టెల మీది వివరాలు చూపించమనండి. వీటన్నిటికీ కృత్రిమ ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఆవిడ రక్తాన్నే కొద్దిగా తీసి, యంత్రంలో తిప్పి తయారు చేసే పీఆర్‌ఎఫ్ పొరను కూడా తోడుగా వాడవచ్చు. ఈ వివరాలు అడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. దేహంలో ఏం పెడుతున్నారో ముందుగా తెలుసుకోవడం రోగి హక్కు. నా దగ్గరికి వచ్చేవారికి అడగకముందే చెప్పడం నేను అలవాటు చేసుకున్నాను.

మీరు రాయని సంగతి ఒకటి నేను అడగాలి. ఆవిడ ఎముకల బలహీనతకు వారానికొక మాత్ర గానీ, ఏడాదికో ఆరు నెలలకో ఒక ఇంజెక్షన్ గానీ తీసుకుంటున్నారా? ఈ వయసు స్త్రీలలో చాలామంది వాటిని వాడుతుంటారు. పళ్లకు సంబంధం లేదనుకుని దంతవైద్యుడికి చెప్పరు. వీటిలో కొన్ని మందుల వల్ల శస్త్రచికిత్స తరువాత దవడ ఎముక మానకుండా పుండు పడే ప్రమాదం ఉంది. తప్పక చెప్పండి, కానీ సొంతంగా మాత్రం మానేయవద్దు. రక్తం పలచబడే మాత్రలకూ ఇదే మాట వర్తిస్తుంది.

గ్రాఫ్ట్ చేశాక కొత్త ఎముక గట్టిపడడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. తొలి వారం పది రోజులు అటువైపు నమలకూడదు. వేడి, కారం తగలకూడదు. మన వైపు పచ్చడి లేని భోజనం అరుదు కనుక, పెరుగన్నం, మెత్తని పప్పన్నంతో సరిపెట్టుకోమని ముందే చెప్పి ఉంచండి. ఏదీ వద్దనుకుంటే ఇరుపక్కల పళ్లను అరగదీసి, వాటి ఆధారంగా బ్రిడ్జి అనే కట్టుడు పన్ను వేయవచ్చు. ఆ రెండూ చెక్కుచెదరని పళ్లయితే వాటిని అరగదీయడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: నా వయసు 48. విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తాను. పైన కుడివైపు దవడ పన్ను లేదు. సైనస్ లిఫ్ట్ చేయాలంటున్నారు. సిగరెట్లు తాగుతాను. ఏ జాగ్రత్తలు పాటించాలి?
– ఒక పాఠకుడు, పటమట

సమాధానం: పై దవడ పళ్ల వేర్లకు ఎగువన, జలుబు చేసినప్పుడు బరువెక్కే గాలి గది ఒకటి ఉంటుంది. అదే సైనస్. పన్ను పోయాక అది కిందికి దిగుతుంది, కింది నుంచి ఎముకా తరుగుతుంది. అందుకే పక్క నుంచి చిన్న కిటికీ తెరిచి, సైనస్ లోపలి సున్నితమైన పొరను చిరగకుండా పైకెత్తి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపుతారు. ఉన్న ఎముక స్క్రూను గట్టిగా పట్టగలిగితే అదే రోజు ఇంప్లాంటు పెడతారు, లేకుంటే 6 నుంచి 9 నెలలు ఆగాలి.

చికిత్స తరువాత రెండు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. స్ట్రాతో తాగకండి, బరువులెత్తకండి, విమాన ప్రయాణం పెట్టుకోకండి. మీ పనిచోట దుమ్ము ఎక్కువ కనుక ఆ రోజులు సెలవు తీసుకోవడమే మంచిది. సిగరెట్ పొగ రక్తనాళాలను కుంచింపజేస్తుంది, రక్తం అందని చోట కొత్త ఎముక పుట్టదు. కనీసం ఒక వారం ముందు మానేసి, తరువాత రెండు నెలలు తాకకుండా ఉండగలిగితేనే ఈ చికిత్సకు సిద్ధపడండి. చుట్టకూ ఖైనీకీ మినహాయింపు లేదు. షుగరు ఉందేమో ముందే హెచ్‌బీఏ1సీ పరీక్షతో చూపించుకోండి.

ప్రశ్న: వచ్చే వారం నా పన్ను తీస్తారు. ఆ గుంతలో వెంటనే పొడి నింపితే మంచిదంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు కొత్తపేట

సమాధానం: మీరు పన్ను తీయకముందే అడిగినందుకు సంతోషం. ఇలా నింపడం వల్ల ఎముక కరగడం పూర్తిగా ఆగదు కానీ బాగా తగ్గుతుంది. ఇంప్లాంటును ఆరు నెలలకో ఏడాదికో వాయిదా వేయాలనుకుంటే, లేదా బయటి వైపు ఎముక గోడ ఇప్పటికే పలుచబడి ఉంటే, చేయించుకోండి. గోడలు నాలుగూ నిండుగా ఉండి, రెండు మూడు నెలల్లోనే ఇంప్లాంటు పెట్టించుకునేటట్లయితే చాలామందికి దీని అవసరం ఉండదు. ఖర్చు గురించి వెనకాడుతుంటే విజయవాడలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో ఒకసారి చూపించుకుని అభిప్రాయం తీసుకోండి. ఏది ఎంచుకున్నా, పన్నును బలవంతంగా ఊడదీయకుండా వేర్లను విడివిడిగా కోసి, ఎముక గోడ విరగకుండా తీయమని మీ డాక్టరు గారిని ముందుగానే కోరండి.