చీలమండ బెణికాక మళ్ళీ బయట నడక: మెరీనా కాదు, చిన్న పార్కు

మీ ప్రశ్న చదువుతుంటే నా కుడికాలు దానంతట అదే ముడుచుకుంది. చీలమండ బెణికి పది రోజులైందన్నారు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది, డాక్టరు "మెల్లగా నడవండి" అని పంపేశారు. రోజూ తెల్లవారకముందే మెరీనాకు వెళ్ళి గంటసేపు నడిచే మీకు ఇంట్లో కూర్చోవడం శిక్షలా ఉంది. బయటికి వెళ్ళవచ్చా, వెళితే ఎంత దూరం అన్నది మీ సందేహం.

వెళ్ళండి. మెరీనాకు మాత్రం ఇప్పుడే వద్దు. నేను డాక్టరును కాను. ఇదే చెన్నైలో, ఇదే దెబ్బతో, మీరు చేయబోతున్న పొరపాటును ముందే చేసి ఉన్నవాణ్ణి.

మేముండేది మైలాపూరులో. రెండేళ్ళ కిందట, నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఇరవై ఏళ్ళ కుర్రవాడిలా బస్సు ఆగకముందే దిగాను. పాదం వాననీటి కాలువ మీది పలక అంచున పడి లోపలికి మడత పడింది. టప్పుమని చిన్న శబ్దం కూడా వినిపించింది. తప్పు పూర్తిగా నాదే. ఇంటికి చేరేసరికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు.

ఇక ఇంట్లో వైద్యం మొదలైంది. మా అత్తగారు చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేస్తానన్నారు. పక్కింటావిడ పసుపు, సున్నం అన్నారు. మా బావగారు ఫోనులోనే "బయలుదేరి రా, పుత్తూరు కట్టు వేయించుకుందువు గాని" అని ఆజ్ఞాపించారు. చెన్నైలో తెలుగువాడి కాలికి ఏమైనా అయితే పుత్తూరు పేరు రాకుండా ఉండదు కదా. విరగని కాలిని కదలకుండా కట్టేయడం నాకు ఇష్టం లేక ఎలాగో తప్పించుకున్నాను. మా ఆవిడ మాత్రం నూనె వేడిచేసి గట్టిగా మర్దన చేయబోయింది. మొదటి రెండు మూడు రోజులు వేడి, మర్దన రెండూ పనికిరావు. లోపలి నెత్తురు, వాపు ఇంకా పెరుగుతాయి. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. నొప్పికి నేను పెట్టిన కేక ఆపింది ఆమెను.

మంచుగడ్డల సంగతీ అడిగారు. విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు చెప్పారు. అదే మిర్కిన్ 2014లో, మంచు గానీ పూర్తి విశ్రాంతి గానీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాటను తానే సవరించుకున్నారు. నొప్పి తట్టుకోలేకపోతే గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవాళ్ళు అదీ చేయకూడదు. మీకు పది రోజులు దాటాయి కాబట్టి మంచు గొడవ మీకు లేదు.

మీకు ఎక్స్‌రే అయిపోయింది కానీ, ఇది చదివే ఇంకొకరి కోసం ఒక మాట. ఎక్స్‌రే ఎవరికి కావాలో తేల్చడానికి 1992లో కెనడాలోని ఒట్టావాలో కొందరు డాక్టర్లు కొన్ని గుర్తులు చెప్పారు. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత డాక్టరు ముందు కూడా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచును, కొన నుంచి ఆరు సెంటీమీటర్ల ఎత్తు వరకు నొక్కినప్పుడు నొప్పి పుట్టినా తీయాలి. పాదంలో చిటికెన వేలి వైపు పొడవాటి ఎముక మొదట్లో నొక్కితే నొప్పి ఉన్నా అంతే. వాపు ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు. నాకు వాపు చూసి భయం వేసింది, ఎముక మాత్రం చెక్కుచెదరలేదు. బయటివైపు లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ, కొంత చిరిగింది.

ఇప్పుడు అసలు పొరపాటు. పన్నెండో రోజు పొద్దున లేచేసరికి నొప్పి దాదాపు లేదు. ఎగిరి గంతేసినంత పని చేసి, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మెరీనాకు వెళ్ళాను. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరంగా నడిచాను. గాలి, వెలుతురు, పన్నెండు రోజుల తర్వాత మనుషుల ముఖాలు. ఎంత దూరం వచ్చానో చూసుకోలేదు. ఉళైప్పాళర్ శిలై అని ఇక్కడివాళ్ళు పిలిచే శ్రామికుల విగ్రహం దగ్గర కాలు ఒక్కసారిగా మొరాయించింది. దేబీ ప్రసాద్ రాయ్ చౌధురి మలచిన ఆ విగ్రహాన్ని 1959 నుంచి ఊరంతా చూస్తోంది. నేనూ ఎన్నో వందలసార్లు చూశాను. ఆ నలుగురు మనుషులు బండను కదిలిస్తూ పాదాలను నేలలోకి ఎలా తన్ని పెట్టారో ఆ రోజే గమనించాను. చీలమండలంటే అవి! నావి చూసుకుంటే బ్యాండేజీ పైన వాపు గట్టు కట్టింది. ఆటో ఎక్కి ఇల్లు చేరాను. తర్వాత నాలుగు రోజులు మళ్ళీ మంచం.

ఫిజియోథెరపిస్టు దగ్గరకు తలవంచుకుని వెళితే ఆయన కోప్పడలేదు. ఒకటే అడిగారు: "తిరిగి రావడానికి ఎంత దూరం ఉందో ముందే చూసుకున్నారా?" బెణికిన కాలు నడుస్తుండగా చెప్పేది తక్కువ. నడకకు కాలు వేడెక్కి నొప్పి అంతగా తెలియదు, గాలికి మనసు ఉరకలు వేస్తుంది. కాలు "ఇక చాలు" అనేటప్పటికి, తిన్నగా పోయే దారిలో ఇంకా అంత దూరమూ వెనక్కి నడవాలి. గుండ్రంగా తిరిగే చిన్న దారిలో గేటు ఎప్పుడూ పక్కనే ఉంటుంది, బెంచీ పది అడుగుల్లో ఉంటుంది. మెరీనా వద్దని నేననడానికి మొదటి కారణం ఇదే.

రెండోది ఇసుక. "తడి ఇసుక మీద నడిస్తే కాళ్ళకు మంచిది" అని మీకు ఈపాటికి పదిమంది చెప్పి ఉంటారు. పొడి ఇసుకలో అడుగు ఎటు దిగుతుందో తెలియదు. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒక పాదం ఎప్పుడూ రెండోదాని కంటే కిందే పడుతుంది. చిరిగిన లిగమెంటు మీద పక్కకు లాగే బరువు పడనే కూడదు. అలల్లో కాళ్ళు పెట్టుకు నిలబడడం సంగతి చెప్పనే అక్కర్లేదు, అల వెనక్కి పోతూ మడమ కింది ఇసుకను లాక్కుపోతుంది.

అప్పుడు నా గతి నాగేశ్వరరావు పార్కు అయింది. లజ్ దగ్గర, మా ఇంటికి పది నిమిషాల నడక. మొదటి వారం ఆటోలోనే వెళ్ళాననుకోండి. పేరు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిది. ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో పెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేసినాయన. అంతకు ముందు, 1893లో, అమృతాంజనం తయారు చేసినాయన కూడా. నొప్పుల మందుతో ఆర్జించిన ఆంధ్రుడి పేరిట ఉన్న పార్కులో ఒక తెలుగువాడు కుంటుతూ తిరగడం నాకే నవ్వు తెప్పించింది. అమృతాంజనం రాశారా అని అడగకండి, రాశాను. చల్లగా ఉండి హాయి అనిపిస్తుంది. లిగమెంటును అతికించే పని దానిది కాదు, అంతే.

మొదటి రోజు ఒక్క చుట్టు, బెంచీ మీద పది నిమిషాలు, ఇంకొక చుట్టు. కాలు బాగానే ఉందనిపించినా అక్కడితో ఇంటికి. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులే తీర్పు: నిన్నటి కంటే నొప్పి గానీ, బిగువు గానీ, వాపు గానీ పెరగకపోతే ఆ రోజు ఒక చుట్టు ఎక్కువ, పెరిగితే నిన్నటిలో సగం. నడుస్తుండగా నొప్పికి పదికి మార్కులు వేసుకుంటే, మూడు దాటగానే కూర్చోవడమే. రోజుల లెక్క, అడుగుల లెక్క చెప్పే గడియారం రెండూ పక్కన పెట్టండి. నేను ఆ గడియారాన్ని మా అబ్బాయికి ఇచ్చేశాను, ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

బెంచీ మీద ఊరికే కూర్చోవద్దు. పాదాన్ని గాలిలో పెట్టి బొటనవేలితో అక్షరాలు రాయమన్నారు ఫిజియోథెరపిస్టు. ఆయన తమిళుడు, ఇంగ్లీషు అక్షరాలు రాయమన్నారు. గీతలూ మూలలూ తప్ప చీలమండకు వాటిలో పనేముంది? నేను అ ఆ ఇ ఈ మొదలుపెట్టాను. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, పాదం అన్ని వైపులా తిరుగుతుంది. ఋ దగ్గరకు వచ్చేసరికి చెమట పట్టేది, రెండో వారానికి గానీ క్ష దాకా పోలేకపోయాను. ఎదురు బెంచీలో ఒక చిన్నపాప చూసి చూసి, ఏం రాస్తున్నారని తమిళంలో అడిగింది. తెలుగు అని చెబితే, చెప్పు విడిచి తను తమిళం రాయడం మొదలుపెట్టింది. తర్వాత నాలుగు రోజులు ఇద్దరం పోటీ. వాళ్ళ అమ్మమ్మకు ఇదంతా ఎలా కనిపించిందో మరి.

మూడో వారం నుంచి బెంచీ వీపు పట్టుకుని దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలితో నిలబడడం. మొదట ఐదు సెకన్లు, చివరికి ముప్పై. ఆ తర్వాత చేయి వదిలి. బెణికినప్పుడు లిగమెంటుతో పాటు పాదం ఎలా ఉందో మెదడుకు చెప్పే నరాలూ దెబ్బతింటాయి; నొప్పి పోయినా ఆ తెలివి వెంటనే రాదు. ఒకసారి బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ బెణకడానికి అది పెద్ద కారణం. నొప్పి పోగానే అందరూ మానేసేదీ ఇదే. మీరు మానవద్దు, కనీసం రెండు నెలలు చేయండి. తర్వాత రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేచి దిగడం, ఆపైన ఒక కాలితో.

మిగతావి గబగబా చెబుతాను. హవాయి చెప్పులు వద్దు, లేసులు కట్టుకునే బూట్లు వేసుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర వాడితే బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. నేను వారం రోజులు తప్పు చేతిలో పట్టుకున్నాను. వాన పడిన మర్నాడు పార్కు కూడా మానేయండి, రాళ్ళ మీద పాచి ఉంటుంది. రాత్రి కట్టు విప్పి పడుకోండి. పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది బెణుకు కాదు, నెత్తురు గడ్డ కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మెరీనాకు ఎప్పుడు అంటే, అరగంట చురుకుగా నడిచి మర్నాడు ఏమీ తెలియనప్పుడు, ఆ కాలితో పదిహేనుసార్లు మునివేళ్ళ మీద లేవగలిగినప్పుడు. నాకు ఆరో వారం ముగిసింది. మీకు తక్కువే పట్టవచ్చు. వెళ్ళినా మొదటి వారం రోడ్డు పక్క కాలిబాట మీదే, లైట్‌హౌస్ నుంచి పది నిమిషాలు అటు, పది నిమిషాలు ఇటు.

మెట్లు దిగేటప్పుడు ఇంకా నొప్పి ఉందా, వాపు సాయంత్రానికి పెరుగుతోందా, ఈ రెండూ మీరు రాయలేదు. రాస్తే ఎన్ని చుట్లతో మొదలుపెట్టవచ్చో నా అనుభవంలోంచి చెబుతాను. మైలాపూరు దగ్గర్లోనే ఉంటే ఆరున్నరకు పార్కుకే రండి, పడమటి వైపు మూడో బెంచీ.