ఐటిల్ ఫోల్డర్లు మూసెయ్, ముందు ఒక రిజిస్టర్ కొను

అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రే చూసినా. ఫోన్లో టైప్ చేస్తే నా వేళ్ళకి ఒకటి నొక్కితే రెండు పడతాయి, అందుకే పొద్దున్నే సిస్టమ్ ముందు కూర్చొని రాస్తాండా, కాస్త పెద్దదే అయితాది, ఓపిగ్గా చదువుకో. కర్నూల్లో ఆ హాస్పిటల్‌కి నిన్ను ఐటీ ఇంచార్జ్ చేసినారని మీ అమ్మ ఇక్కడ కడపలో మా వీధంతా చెప్పింది, శానా సంతోషం. మూడు నెలల్లో ఐటిల్, అదే ఐటీ పనుల్ని ఒక పద్ధతిలో నడిపే తీరు, పెట్టాలని మేనేజ్‌మెంట్ అనిందని, నువ్వు దాంట్లో ఉండే 34 ప్రాక్టీసులకి, అంటే పని పద్ధతులకి, 34 ఫోల్డర్లు చేసి కూర్చున్నావని రాసినావు చూడు, అక్కడ నవ్వాపుకోలేకపోయినా. నేనూ అదే చేసినోణ్ణే. నా కాలంలో ఐటిల్ మూడో వెర్షన్, వి3, నడుస్తాండె, దాంట్లో 26 ప్రాసెస్‌లు, నా ఫోల్డర్లూ 26. వాటిల్లో 20 దాకా నేను రిటైర్ అయ్యేదాకా ఖాళీగానే ఉన్నాయి.

ఆ ఫోల్డర్లు మూసెయ్. ఐటిల్ అంటే చట్టం అనుకుంటాండావేమో, కాదు. 1980ల్లో బ్రిటన్ గవర్నమెంట్‌లో ఒక్కో డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లని వాళ్ళకి తోచినట్టు నడుపుకుంటా ఉంటే, సీసీటీఏ అనే వాళ్ళ ఏజెన్సీ బాగా నడిపేవాళ్ళు ఏం చేస్తాండారో పోగేసి పుస్తకాలు వేసింది, 1989 నుంచి అవి రావడం మొదలైంది. 2007లో వి3, 2019లో ఇప్పుడు నువ్వు చదివే ఐటిల్ 4. దాంట్లోనే 7 సూత్రాలు ఉన్నాయి, వాటిల్లో రెండు చాలు నీకు: ఉన్నచోట నుంచే మొదలుపెట్టు, సింపుల్‌గా పనికొచ్చేట్టు పెట్టుకో. మొత్తం 34 చెయ్యమని ఆ పుస్తకమే చెప్పదు.

మీ మేనేజర్ గోడకి తగిలించుకునే సర్టిఫికెట్ అడిగితే మాత్రం ముందే చెప్పు, ఐటిల్ సర్టిఫికెట్ మనిషికి ఇస్తారు, హాస్పిటల్‌కి కాదు. ఫౌండేషన్ పరీక్ష 40 ప్రశ్నలు, గంట టైం, 26 రైట్ అయితే పాస్, నువ్వు రాసెయ్యొచ్చు. సంస్థకే కావాలంటే ఐఎస్ఓ 20000 అని ఐటీ సర్వీసులకి ఉండే స్టాండర్డ్, దానికి ఆడిటర్లు వస్తారు, రికార్డులు అడుగుతారు, మీకిప్పుడు చూపించడానికి రికార్డే లేదు. కోబిట్ అని ఇంకొకటి ఉంది, అది పైవాళ్ళ పెత్తనం, ఆడిట్ లెక్క, ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

ఇంగ పనికొద్దాం. మీ దగ్గర కంప్లైంట్ యట్లా వస్తాది? సిస్టరమ్మ కారిడార్‌లో నిన్ను ఆపి చెప్తాది, బిల్లింగ్‌లో పాప వాట్సాప్‌లో వాయిస్ పెడతాది, డాక్టర్ గారు నేరుగా నీకే ఫోన్ కొడతారు. అంతే కదా? ఒకే నంబర్ పెట్టు, ఒకే రిజిస్టర్ పెట్టు, ఎక్సెల్ అయినా సరే. ఎవరు, యాడ, ఏమైంది, ఎన్నింటికి చెప్పినారు, ఎన్నింటికి బాగైంది. కంప్లైంట్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్ టూల్ తర్వాత చూసుకుందువులే, జీఎల్‌పీఐ లాంటివి ఫ్రీగానే దొరుకుతాయి. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ పని ముందు చెయ్యొద్దు. ఎంతమందికి ఆగింది, ఎంత తొందర, ఈ రెండూ చూడు. క్యాజువాలిటీలో రిజిస్ట్రేషన్ స్క్రీన్ ఆగితే ఎండీ గారి ల్యాప్‌టాప్‌లో సౌండ్ రాకపోవడం రేపటికి కూడా ఆగుతాది.

అన్నిట్లోకీ ఇన్సిడెంట్‌కీ ప్రాబ్లమ్‌కీ తేడా తెలుసుకోవాల. మీ తాత బోరు మోటరు గుర్తుందా, ఎండాకాలం వస్తే చాలు కాలిపోయేది, ట్రాక్టర్లో వేసుకొని పోయి వైండింగ్ చేయించుకొచ్చేవాడు, నీళ్ళు వచ్చేవి, అందరం హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఆగిపోయింది మళ్ళీ నడిపించడం, అది ఇన్సిడెంట్ పని. అయిదోసారో ఆరోసారో కాలినాక వైండింగ్ చేసేటాయన, పెద్దాయనా ఒక ఫేజ్ పోయినా మోటరు తిరుగుతానే ఉంది, అందుకే కాలుతాంది, ఫేజ్ పోతే మోటరు ఆపేసే ప్రివెంటర్ పెట్టించు అన్నాడు. అట్లా అసలు కారణం పట్టుకోవడం ప్రాబ్లమ్ పని. మీ బిల్లింగ్ సర్వర్ ప్రతి సోమవారం పొద్దున హ్యాంగ్ అయితాది, రీస్టార్ట్ కొడితే సరిపోతాంది అని తేలిగ్గా రాసినావు, అట్లయితే నువ్వు ఇంకా వైండింగ్ చేయించుకుంటానే ఉన్నావు. సోమవారమే ఎందుకు? ఆదివారం రాత్రి ఫుల్ బ్యాకప్ పెట్టి అది తెల్లారినా అయిపోకుండా నడుస్తాందేమో చూసినావా? నాకైతే దానిమీదే అనుమానం.

ఇంగ చేంజ్, అంటే సిస్టమ్‌లో ఏదన్నా మార్చే సంగతి, ఇది నా పరువు తీసుకొని చెప్తాండా. 2011లో బెంగుళూరులో ఒక కంపెనీలో టీం లీడ్‌గా ఉన్నా, శుక్రవారం సాయంత్రం, రాత్రి బస్సుకి ఊరికి రావాల, పోతాపోతా నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఒక రూల్ మార్చినా, ఒక్క లైనే కదా అని పాత సెట్టింగ్స్ సేవ్ చెయ్యలేదు, ఎవరికీ చెప్పలేదు. బస్సు మదనపల్లి దాటినాక ఫోన్, శాలరీ ఫైల్ బ్యాంకుకి పోవడంల్యా అని. మధ్యలో సిగ్నల్ లేదు. రాయచోటిలో దిగి బస్టాండ్ బెంచీ మీద ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ డేటా కార్డ్ పెట్టుకొని, పాత రూల్ ఏముండెనో జ్ఞాపకం చేసుకుంటా తెల్లవారుజామున మూడు దాకా కూర్చున్నా. టీ కొట్టాయన రెండుసార్లు అడిగినాడు, ఏమన్నా సావు కబురా సార్ అని.

అందుకే ఏం మార్చాలన్నా ముందు నాలుగు లైన్లు రాయి: ఏం మారుస్తాండా, ఎందుకు, చెడితే వెనక్కి యట్లా పోతా, ఎవరికి చెప్పినా. పది మంది కమిటీ మీకొద్దు, నువ్వూ, ఆ డిపార్ట్‌మెంట్ మనిషి ఒకరు చూస్తే చాలు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు చెయ్యి, ఆ రోజే రాసిపెట్టు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఏమీ ముట్టుకోవద్దు.

ఎస్ఎల్ఏ, అంటే ఎంతసేపట్లో పని చేసిపెడతామని రాసిచ్చే ఒప్పందం, ఇప్పుడే సంతకం పెట్టి ఇవ్వొద్దు. నీ దగ్గర ఉండేది ఇద్దరు పిల్లోళ్ళు, దాంట్లో ఒకనికి నైట్ డ్యూటీ, 15 నిమిషాల్లో అటెండ్ అయితాం అని రాసిస్తే ఆ కాగితమే నీ మెడకి చుట్టుకుంటాది. మూడు నెలల రిజిస్టర్ చేతిలో ఉంటే అప్పుడు నంబర్ నువ్వే చెప్పగలవు.

ఈ సోమవారం సర్వర్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ కొట్టకముందు టాస్క్ మేనేజర్ స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు. కొట్టినాక పంపితే పనికిరాదు.

మీ మామ